గంట విమానం, నాలుగు గంటల ప్రయాణం



ముందుగా ఒక చిన్న లెక్క. విజయవాడ విమానాశ్రయం గన్నవరంలో ఉంది. అక్కడి నుంచి విశాఖపట్నం విమానాశ్రయానికి, పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే, దూరం సుమారు 290 కిలోమీటర్లు. జెట్ విమానం పూర్తి వేగం అందుకుంటే గంటకు 800 కిలోమీటర్లు పోతుంది. భాగించి చూడండి. 22 నిమిషాలు వస్తుంది. కానీ టికెట్ మీద దాదాపు గంట అని ఉంటుంది. ఇక ఇంట్లో చెప్పులేసుకున్న దగ్గర్నుంచి అవతల చుట్టాలింటి గుమ్మం ఎక్కేదాకా చూస్తే నాలుగు గంటలు దాటిపోతుంది.

ఇరవై రెండు నిమిషాలు. గంట. నాలుగు గంటలు. మూడూ ఒకే ప్రయాణం లెక్కలు. మూడూ సరైనవే. విమానం ఎక్కాలా, రైలెక్కాలా, బస్సు చాలా అని తేల్చుకునేటప్పుడు మనం చూడాల్సింది మాత్రం మూడో అంకె. చాలామంది చూసేది రెండో అంకె. కుర్రాళ్లయితే ఫోన్‌లో మొదటి అంకె చూసి, ‘ఇంతేనా, ఇలా ఎక్కి అలా దిగడమే’ అనుకుంటారు. ఈ పూట నేను చెప్పబోయేది ఆ మూడో అంకె గురించి. గడప నుంచి గడప దాకా పట్టే సమయం గురించి.

మొదట దూరం సంగతి చూద్దాం. ఇంట్లో రాష్ట్రం పటం ఉంటే తీయండి. పిల్లల భూగోళం పుస్తకంలో ఉన్నదైనా సరే. గన్నవరం దగ్గర ఒక చుక్క, విశాఖ దగ్గర ఒక చుక్క పెట్టి రెంటినీ కలపండి. ఆ గీత ఏలూరు పక్కగా పోతుంది. రాజమండ్రి దగ్గర గోదావరి దాటుతుంది. తుని మీదుగా, అనకాపల్లికి కాస్త కిందగా విశాఖ చేరుతుంది. ఈ ఊళ్ల పేర్లు వింటుంటే మీకేమనిపిస్తోంది? మన రైలు స్టేషన్లే కదా. అవును. ఈ దారిలో రైలు పట్టాలు, హైవే, ఆకాశంలో గీత, మూడూ ఇంచుమించు పక్కపక్కనే పోతాయి. అయినా రైల్లో వెళ్తే దూరం 350 కిలోమీటర్లు. నేల మీద దారి ఊరూరా పలకరించుకుంటూ, ఒంపులు తిరుగుతూ పోతుంది. అందుకే ఆ 60 కిలోమీటర్ల తేడా.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫోన్‌లో వెతికితే ఇదే దూరానికి మూడు రకాల అంకెలు కనిపిస్తాయి. ఒకచోట 290 అని ఉంటుంది. ఒకచోట 180. ఇంకోచోట 157. ఏది నమ్మాలి? మూడింటినీ నమ్మొచ్చు. 290 కిలోమీటర్లు. 180 మామూలు మైళ్లు. 157 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. పైలట్లు, ఓడ కెప్టెన్లు దాంతోనే కొలుస్తారు. మీరు అంకె చూసినప్పుడు దాని పక్కన ఏముందో కూడా చూడండి. అంత చాలు.

సరే, 290 కిలోమీటర్లకు 22 నిమిషాలు పట్టాలి. టికెట్ మీద గంట ఎందుకు వేస్తారు?

పెళ్లి భోజనం గుర్తుచేసుకోండి. అన్నం తినడానికి పట్టేది పావుగంట. కానీ ఏ పెళ్లికైనా పావుగంటలో భోంచేసి వచ్చామా? ముందు బంతి లేచేదాకా కుర్చీల వెనక నిలబడాలి. బల్ల తుడవాలి. ఆకు వేయాలి. నీళ్లు చల్లుకోవాలి. ఒక్కొక్కటే వడ్డిస్తారు. పప్పు వస్తే నెయ్యి రాదు, నెయ్యి వచ్చేసరికి పప్పు చల్లారిపోతుంది. తినడం అయ్యాక కూడా పక్కవాళ్లది కాకుండా లేవలేం. పావుగంట తిండికి ముప్పావుగంట బంతి. విమానం టికెట్ మీద ఉండేది తిండి సమయం కాదు, మొత్తం బంతి సమయం.

అంటే ఏమిటి? విమానం నిలబడి ఉన్నప్పుడు చక్రాలు కదలకుండా దిమ్మలు అడ్డుపెడతారు. ఆ దిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతల ఊళ్లో ఆగిన చోట మళ్లీ దిమ్మలు పెట్టే దాకా, అదంతా ప్రయాణ సమయమే. టికెట్ మీద బయల్దేరే సమయం 10 గంటలని ఉంటే, 10 గంటలకు విమానం గాల్లోకి లేవదు. 10 గంటలకు నిలబడ్డ చోటు నుంచి కదులుతుంది. అలాగే చేరే సమయం 11 అని ఉంటే, 11 గంటలకు రన్‌వే మీద దిగడం కాదు. దిగి, నెమ్మదిగా నడిచి, తన చోట నిలబడడం. ఇది ఇంకోసారి చెప్తాను. టికెట్ మీద సమయం కదిలిన దగ్గర్నుంచి నిలిచిన దాకా. ఎగిరిన దగ్గర్నుంచి వాలిన దాకా కాదు.

ఆ గంటలో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. తలుపులు మూస్తారు. ఒక చిన్న ట్రాక్టరు లాంటి బండి విమానాన్ని వెనక్కు నెడుతుంది. ఇంజన్లు మొదలవుతాయి. విమానం తన కాళ్ల మీద తాను రన్‌వే వైపు నడుస్తుంది. ఈ నడక మహా అయితే ఆటో వేగం. చిన్న విమానాశ్రయాలు కొన్నింటిలో రన్‌వే పక్కన వేరే దారి ఉండదు. అలాంటి చోట రన్‌వే మీదే ఆ చివరిదాకా నడిచి, అక్కడ వెనక్కు తిరిగి, అప్పుడు పరుగు తీయాలి. ఈలోగా ఇంకో విమానం దిగుతుంటే ఆగాలి. ఇదంతా పది నిమిషాలు తింటుంది. కిటికీ పక్క కూర్చుంటే గడ్డి కనిపిస్తుంది, కొంగలు కనిపిస్తాయి, విమానం మాత్రం గాల్లోకి లేవదు.

ఇక పైకి లేచాక. గంటకు 800 కిలోమీటర్ల వేగం లేచిన వెంటనే రాదు. పదివేల అడుగుల లోపు ఎత్తులో విమానాలు మామూలుగా 250 నాట్లు దాటవు. అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు. కిందకు దిగేటప్పుడూ అంతే. మరి పూర్తి వేగం ఎంతసేపు? పైలట్లకు ఒక మోటు లెక్క ఉంది. వెయ్యి అడుగులు దిగాలంటే మూడు నాటికల్ మైళ్లు కావాలి. 20 వేల అడుగుల నుంచి దిగడానికి 60 నాటికల్ మైళ్లు. అంటే 110 కిలోమీటర్లు. అంత ఎత్తు ఎక్కడానికి దాదాపు 90 కిలోమీటర్లు పోయాయనుకోండి. మొత్తం 290లో 200 కిలోమీటర్లు ఎక్కడానికి, దిగడానికే సరి. మిగిలింది 90. ఆ 90 కిలోమీటర్లు జెట్ విమానానికి ఏడు నిమిషాలు. ఏడే నిమిషాలు! రాజమండ్రి దగ్గర గోదావరి వంతెనలు చూద్దామని కిటికీలోంచి తొంగి చూసి తల తిప్పేలోపు, కుర్చీ నిటారుగా పెట్టుకోండి అని ప్రకటన వస్తుంది. ఎగరడం మొదలుకాక ముందే దిగడం మొదలైందేమిటి అనిపిస్తుంది. నిజంగా జరిగేది అదే.

అందుకే ఇంత దగ్గర దూరాలకు జెట్ అయినా, ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ అయినా పెద్ద తేడా ఉండదు. ఏటీఆర్ గంటకు 500 కిలోమీటర్లు పోతుంది. 70, 78 మంది పడతారు. జెట్‌తో పోలిస్తే వేగం తక్కువే. కానీ 290 కిలోమీటర్లలో జెట్‌కు తన వేగం చూపించే అవకాశమే లేదు కదా. టికెట్ మీద పది నిమిషాలు అటూ ఇటూ. ఏటీఆర్ అంటే కొందరు మొహం చిట్లిస్తారు, పాత విమానమేమో అని. అది చిన్న దూరాల కోసమే చేసిన విమానం. ఇంధనం తక్కువ తాగుతుంది. పొట్టి రన్‌వేల మీద కూడా దిగుతుంది. మన చిన్న ఊళ్లకు విమానం వచ్చిందంటే చాలావరకు దాని పుణ్యమే.

గాలి మాట కూడా చెప్పాలి. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగా వాలుతుంది. గన్నవరం రన్‌వే ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటుంది. విశాఖ రన్‌వే కూడా అంతే. వానాకాలం పడమటి గాలి వీస్తుంటుంది. అప్పుడు గన్నవరంలో విమానం విజయవాడ వైపు మొహం పెట్టి లేస్తుంది. వెళ్లాల్సింది ఈశాన్యానికి. అందుకని ఎగిరాక చుట్టు తిరిగి రావాలి. అవతల విశాఖలోనూ అదే తంతు. ఊరు దాటి సముద్రం మీదికి పోయి, మళ్లీ పడమటి మొహంగా తిరిగి దిగాలి. అదీ ఒక్కోసారి ఐదారు నిమిషాలు, ఇంకాస్త ఎక్కువ కూడా. కిటికీలోంచి సముద్రం, ఓడలు కనిపిస్తే పిల్లలకు సంబరం. ఆలస్యం మాట ఎవరికీ గుర్తుండదు.

విశాఖకు ఇంకో ప్రత్యేకత ఉంది. అది నౌకాదళం వైమానిక స్థావరం. పేరు ఐఎన్ఎస్ డేగా. మన విమానాలు అక్కడ అతిథులు. నౌకాదళం తన అవసరాలు చూసుకున్నాక మిగిలిన సమయాల్లోనే పౌర విమానాలు తిరగాలి. చుట్టూ కొండలు కూడా ఉన్నాయి. ఇవన్నీ కలుపుకుని, కొంచెం ధారాళంగానే విమాన సంస్థలు సమయం వేసుకుంటాయి. చెప్పిన సమయానికి 15 నిమిషాల లోపు ఆలస్యమైతే దాన్ని లెక్కల్లో సకాలంగానే జమకడతారు. ఈ సంగతి తెలిస్తే, ‘పది నిమిషాలు ముందే వచ్చేశాం’ అని ప్రకటించినప్పుడు మరీ మురిసిపోం. ఆ పది నిమిషాలు వాళ్లు ముందే వేసుకున్నవి.

ఇంతవరకు రెండో అంకె. గంట. ఇప్పుడు మూడో అంకెకు వద్దాం. మనకు కావాల్సింది అది.

విజయవాడ పటమటలో ఒక కుటుంబం ఉందనుకుందాం. విశాఖ ఎంవీపీ కాలనీలో చుట్టాలింటికి వెళ్లాలి. దయచేసి నాతోపాటు కూడండి. ఇంటి నుంచి రామవరప్పాడు రింగు మీదుగా గన్నవరం చేరడానికి 45 నిమిషాలు. పెట్టెలు ఇవ్వాలి కాబట్టి గంటన్నర ముందు అక్కడుండాలి. చాలా సంస్థలు గంట ముందే పెట్టెలు తీసుకోవడం ఆపేస్తాయి. ఎక్కే గేటు 25 నిమిషాల ముందు మూసేస్తాయి. ఆ తర్వాత బతిమాలినా లాభం లేదు. సరే, 45 నిమిషాలు, గంటన్నర. కలిపితే రెండు గంటల పావు. విమానం గంట. మూడు గంటల పావు. దిగి, పెట్టెలు తిరిగే బెల్టు దగ్గర నిలబడి, మనది వచ్చేదాకా 25 నిమిషాలు. అక్కడి నుంచి ఎన్ఏడీ జంక్షన్, తాటిచెట్లపాలెం, అక్కయ్యపాలెం, మద్దిలపాలెం దాటి ఎంవీపీ కాలనీకి 40 నిమిషాలు. మొత్తం నాలుగు గంటల 20 నిమిషాలు.

మళ్లీ చెప్తున్నాను. గంట విమానం. గడప నుంచి గడపకు నాలుగు గంటల 20 నిమిషాలు. గాల్లో ఉన్నది ముప్పావుగంట. మిగతాదంతా నేల మీదే.

ఇప్పుడు అదే కుటుంబం రైలెక్కిందనుకుందాం. 2023 సంక్రాంతికి సికింద్రాబాద్ విశాఖల మధ్య వందే భారత్ మొదలైంది. విజయవాడ నుంచి విశాఖకు అందులో నాలుగు గంటల చిల్లర. పటమట నుంచి స్టేషన్‌కు 25 నిమిషాలు. ఇరవై నిమిషాలు ముందు చేరితే చాలు. దిగి బయటికి రావడానికి పది నిమిషాలు. అక్కడి నుంచి ఎంవీపీ కాలనీకి 25 నిమిషాలు. అంతా కూడితే ఐదున్నర గంటలు. విమానంతో తేడా ఎంత? గంటా పది నిమిషాలు. టికెట్లు పక్కపక్కన పెట్టి చూస్తే గంటకూ నాలుగు గంటలకూ తేడా మూడు గంటలనిపిస్తుంది. గడప లెక్కలో అది గంటకు దిగిపోయింది.

మధ్యాహ్నానికి విశాఖ చేరినా ఫరవాలేదనుకునేవాళ్లకు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. అది ఆరు గంటలు తీసుకుంటుంది. కానీ తుని దాటాక కొండలు చూసుకుంటూ, పల్లీలు తింటూ పోవచ్చు. నాకైతే ఆ దారిలో రైలే ఇష్టం. ఇష్టాయిష్టాలకు లెక్కలు లేవనుకోండి.

అయితే విమానం అనవసరమా? అలా తేల్చేస్తే తొందరపాటే. అందుకే అదే గన్నవరం నుంచి ఇంకో దిక్కుకు పోదాం. ఇది నాకు చాలా ముచ్చటగా తోచిన పోలిక. గన్నవరం నుంచి విశాఖ ఎంత దూరమో, ఇంచుమించు అంతే దూరం పడమటికి పోతే కర్నూలు విమానాశ్రయం వస్తుంది. ఓర్వకల్లులో ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 2021 మార్చిలో అక్కడ విమానాలు మొదలయ్యాయి. 2025లో విజయవాడకు కూడా విమానం వేశారు. గన్నవరం నుంచి విశాఖ 290. గన్నవరం నుంచి ఓర్వకల్లు కూడా 290 పైన ఓ ఐదారు కిలోమీటర్లు. పటం మీద రెండూ సరిసమానం. విచిత్రమేమిటంటే రోడ్డు దూరం కూడా అటూ ఇటూ 350 కిలోమీటర్ల లెక్కే.

పటం తీసినవాళ్లు మళ్లీ ఒక గీత గీయండి. ఈసారి పడమటికి. నరసరావుపేట పక్కగా, దోర్నాల దగ్గరగా, ఆత్మకూరు మీదుగా ఓర్వకల్లు. దోర్నాలకూ ఆత్మకూరుకూ మధ్య ఏముంది? నల్లమల. విమానానికి నల్లమల అంటే కిటికీలోంచి కనిపించే ఆకుపచ్చ దుప్పటి, కొద్ది నిమిషాలు. బస్సుకు నల్లమల అంటే ఘాట్ రోడ్డు. మలుపు మీద మలుపు. ఎదురుగా లారీ వస్తే పక్కకు తప్పుకోవాలి. వాంతులు చేసుకునే పిల్లలకు కవర్లు అందించాలి. రైలయితే ఇంకా చుట్టు. కర్నూలు నుంచి ముందు దక్షిణంగా డోన్‌కు పోవాలి. అక్కణ్ణించి నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు. అప్పుడు విజయవాడ. రాత్రి ఎక్కితే తెల్లారి దిగే ప్రయాణం అది.

గడప లెక్క వేద్దాం. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఇల్లు. ఓర్వకల్లుకు 35 నిమిషాలు. చిన్న విమానాశ్రయం, వరసలు పొడుగ్గా ఉండవు. గంటా పావు ముందు వెళ్తే సరిపోతుంది. విమానం గంట పైన ఐదు నిమిషాలు. దిగి పెట్టె తీసుకోవడానికి 20 నిమిషాలు. గన్నవరం నుంచి పటమటకు 45. మొత్తం నాలుగు గంటలు. చూశారా? ఇది కూడా నాలుగు గంటలే. విశాఖకు నాలుగు గంటల చిల్లర, కర్నూలుకు నాలుగు గంటలు. కానీ విశాఖ దారిలో మనకు మిగిలింది గంట. కర్నూలు దారిలో మిగిలింది ఒక రాత్రి నిద్ర. మర్నాడు కోర్టు పనో, ఆసుపత్రి పనో, సచివాలయం పనో ఉన్న మనిషికి దాని విలువ వేరే చెప్పాలా?

ఇదే నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. విమానం ఎంత తొందరగా పోతుందన్నది కాదు ప్రశ్న. అది లేకపోతే మనం ఎలా పోతాం, ఎంతసేపు పోతాం అన్నది ప్రశ్న. ఒకే దూరం, ఒకే విమానం. కింద నేల ఎలా ఉందన్న దాన్ని బట్టి ఒకచోట అది సౌఖ్యం, ఇంకోచోట అవసరం.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. చిన్న ఊళ్లకు విమానాలు రావాలని 2016లో ఉడాన్ పథకం తెచ్చారు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లా ఢిల్లీ విమానంతో పాటు మన కడప హైదరాబాద్ విమానాన్నీ ప్రారంభించారు. సుమారు 500 కిలోమీటర్లు, గంట ప్రయాణం, కొన్ని సీట్లకు టికెట్ 2,500 రూపాయలు మించకూడదు. అప్పటి లెక్క అది. ఆ లెక్క మంచిదే. కానీ అందులో కూడా గంట అంటే విమానం గంటే. మన గడప గంట కాదు. ఏ దారిలో విమానం వేస్తే జనానికి నిజంగా పూట కలిసొస్తుందో చూసి వేస్తే, ఆ సర్వీసులు నాలుగు కాలాలు నిలుస్తాయని నా అభిప్రాయం. పక్కనే నాలుగు లైన్ల రోడ్డు, గంటకో రైలు ఉన్నచోట వేసిన విమానం టికెట్ ధర తగ్గినన్నాళ్లే నిండుతుంది.

ఇక కొన్ని పనికొచ్చే మాటలు చెప్తాను.

చేతిసంచీ ఒక్కటే పట్టుకుని వెళ్తే గడప లెక్కలో ముప్పావుగంట తగ్గుతుంది. ఇటు పెట్టె ఇచ్చే వరస లేదు, అటు బెల్టు దగ్గర ఎదురుచూపు లేదు. చెకిన్ ఇంట్లోనే ఫోన్‌లో చేసుకోవచ్చు. గన్నవరంలోనూ విశాఖలోనూ డిజియాత్ర సౌకర్యం ఉంది. మొహం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. పెద్దవాళ్లకు మనవలెవరైనా ఒక్కసారి ఫోన్‌లో పెట్టిస్తే చాలు. అయితే ఊరగాయ జాడీ మాత్రం చేతిసంచీలో పెట్టకండి. నూనె ఓడే పచ్చడిని తనిఖీ దగ్గర ఆపేస్తారు. పచ్చడి తీసుకెళ్లాలంటే పెట్టె ఇవ్వాల్సిందే, ఆ ముప్పావుగంట వదులుకోవాల్సిందే. ఆవకాయ కోసం ముప్పావుగంట ఎక్కువేం కాదనే వాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు.

రెండో మాట, చలికాలం గురించి. డిసెంబరు, జనవరి నెలల్లో గన్నవరంలో పొద్దున పొగమంచు పడుతుంది. పొలాలు, చెరువులు, కాలువలు ఉన్న నేల కదా. ఒక్కోరోజు రన్‌వే కనిపించక విమానాలు పైన చక్కర్లు కొడతాయి, లేదా వేరే ఊరికి మళ్లుతాయి. భోగి రోజుల్లో పొద్దున్నే తొలి విమానానికి టికెట్ తీసుకున్నారంటే, గడప లెక్కకు ఇంకో గంటో రెండు గంటలో చేర్చుకోండి. అదే రోజు పదకొండింటికి ముహూర్తం పెట్టుకుని, పొద్దుటి విమానాన్ని నమ్ముకోకండి. ముందురోజు సాయంత్రం వెళ్లిపోండి.

మూడో మాట, విమానం మారే ప్రయాణాలు. తిరుపతి నుంచి విశాఖకు ఆకాశంలో నేరుగా 600 కిలోమీటర్లు. నేరు విమానం దొరకని రోజున హైదరాబాద్ మీదుగా టికెట్ చూపిస్తారు. తిరుపతి నుంచి శంషాబాద్ 415 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖ 510. మొత్తం 925. దూరం సగానికి పైగా పెరిగింది. మధ్యలో శంషాబాద్‌లో గంటలు గంటలు కూర్చోవాలి. ఆ రోజున రాత్రి రైల్లో పడుకుని పోవడమే హాయి. టికెట్ ధర ఒక్కటే చూసి నొక్కేయకండి.

ఇక చివరిగా, విమానాశ్రయం ఊరికి ఎంత దూరంలో ఉందన్న సంగతి. హైదరాబాద్ వాళ్లకు ఇది బాగా తెలుసు. 2008 మార్చి దాకా బేగంపేటలో దిగేవాళ్లం. ఊరి నడిమధ్య. అమీర్‌పేటకో సికింద్రాబాద్‌కో ఇట్టే వెళ్లిపోయేవాళ్లం. ఆ మార్చిలో విమానాలన్నీ శంషాబాద్‌కు మారాయి. పటం మీద విమానం దూరం ఏ పాతిక కిలోమీటర్లో మారింది. విమానానికి అది రెండు నిమిషాలు. మనిషికి అది గంట. సికింద్రాబాద్ వాళ్లు ఆ రోజుల్లో ఎంత గొణుక్కున్నారో గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడాది మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే తెరిచారు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. అంటే విమానం వేగం పెంచలేదు. రోడ్డు వేశారు. గడప లెక్క తగ్గింది.

విశాఖకూ ఇప్పుడు అదే కథ. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయం కట్టారు. విశాఖ నగరానికి సుమారు 45 కిలోమీటర్లు. పెద్దది, నౌకాదళంతో పంచుకోనక్కర్లేనిది. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు గుమ్మం ముందుకు వచ్చినట్టే. వాళ్ల గడప లెక్క తగ్గుతుంది. గాజువాక, అనకాపల్లి వాళ్లది పెరుగుతుంది. గన్నవరం నుంచి విమానానికి దూరం ఓ 40 కిలోమీటర్లు పెరిగినా, అది నాలుగైదు నిమిషాల పని. ఎంవీపీ కాలనీ వాళ్లకు మాత్రం రోడ్డు మీద అదనపు సమయం లెక్కలోకి వస్తుంది. అప్పుడు మనం ఇందాక వేసిన నాలుగు గంటల 20 నిమిషాలు ఐదు గంటల దగ్గరకు పోతుంది. వందే భారత్ ఐదున్నర గంటలు అలాగే ఉంటుంది. తేడా అరగంట.

కాబట్టి విశాఖ ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఒక మనవి. టికెట్ మీద విమానాశ్రయం పేరు ఒకటికి రెండుసార్లు చదవండి. పాత విశాఖా, భోగాపురమా అన్నది చూసుకోండి. అక్కడి నుంచి మీరు వెళ్లాల్సిన ఇంటికి ఎంతసేపు పడుతుందో, ఆ ఇంటివాళ్లకే ఫోన్ చేసి అడగండి. ఫోన్‌లో పటం చెప్పే సమయం కంటే ఆ వీధిలో ఉండేవాళ్లు చెప్పే సమయం నికరం. ఆ అంకె చేతికొచ్చాకే డబ్బు కట్టండి.